ఒత్తిడి పడ్డ చోట

పెట్టుడు కాళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకోవడానికి మధ్యలో రెండు ఇనుప కమ్మీలు, గోడవారన ప్లాస్టిక్‌తో వస్తువులు పోసే ఒక త్రీడీ ప్రింటర్. కాలు చేసే అక్క, కాలు పోయిన తమ్ముడు.

"తెల్లగా ఉందిగా అక్కా! ఇంకేం చూస్తావు? పాలల్లో ముంచి తీసినట్టుంది."

"అదే చూస్తున్నా. ఇంత తెల్లగా ఎందుకుందా అని."

"మొండికాలు దూర్చే ఈ గిన్నెలో ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ ఊదా రంగుకి తిరుగుతుందన్నావు. తిరగలేదు. అంటే ఎక్కడా ఒత్తుకోవడం లేదు. సరిగ్గా అతికింది. బస్సు డిపోకి ఫోన్ చెయ్యి, మళ్ళీ మేనేజరు వెళ్ళిపోతాడు."

"ఉండరా. మనిషి నిలబడ్డాక గిన్నెలో ఎక్కడో ఒకచోట బరువు పడాలి. కాస్తో కూస్తో లేత ఊదా రావాలి. దీంట్లో చుక్కంటే చుక్క లేదు. నువ్వేమన్నా గాల్లో నడిచావా?"

"నీ కళ్ళముందేగా నడిచింది! అటూ ఇటూ..."

"నడిచావు. ఒకసారి ఇలా రా. ఈ కమ్మీల మీద చెయ్యి వేసే చోట తొడుగులున్నాయి చూడు. ఏ రంగులో ఉన్నాయి?"

"అవా... వంకాయ రంగులో."

"పొద్దున తెల్లగా ఉన్నాయి. అవీ ఇదే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేశాను. ఒళ్ళు బరువంతా చేతుల మీద మోపి, కాలు ఊరికే ఆనించి నడిచావు. దొంగవేషాలు!"

"కమ్మీలకి కూడా వేశావా? సొంత తమ్ముడి మీద నిఘానా?"

"సొంత తమ్ముడు కాబట్టే. జ్వరమొస్తే థర్మామీటరు చన్నీళ్ళలో ముంచి ఆటకి పోయినవాడివి నువ్వు."

"అబ్బా, అవన్నీ ఇప్పుడెందుకు... కాసిని నీళ్ళివ్వు."

"ఇందాకేగా సీసాడు తాగావు?"

"ఉక్కగా ఉంది."

"ఫ్యాను నీ నెత్తి మీదే తిరుగుతోంది. ఇదిగో, తాగు. తాగి మళ్ళీ నడువు. ఈసారి చేతులు కట్టుకుని."

"చేతులు కట్టుకుంటే పడతాను."

"పడితే పట్టుకుంటాను. నడువు."

"నువ్వు కావాలనే చేస్తున్నావు. నేను మళ్ళీ బస్సెక్కడం నీకిష్టం లేదు."

"లేదు. నిజంగానే ఇష్టం లేదు. నీ బస్సుని ఆ లారీ గుద్దిన రోజు ఆసుపత్రిలో నిన్ను చూశాక నాకు బస్సంటేనే ఒణుకు. అయినా నీకు కాలు చేస్తున్నానా, లేదా?"

"చేస్తున్నావులే... కానీ నువ్వు షెడ్డులో ఒక్కరోజు ఉండి చూడు. టైర్లకి గాలి కొట్టుకుంటూ. నా బస్సులో కండక్టరుగా చేసినవాడు ఇప్పుడు నన్ను చూసి 'పాపం' అంటున్నాడు. నా మొహం మీదే! స్టీరింగు పట్టుకుంటేనే నేను మనిషినక్కా. లేకపోతే ఎందుకూ కొరగాను."

"అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడను? కొత్త బస్సులకి క్లచ్చే లేదు. ఎడమకాలితో పనే లేదు. ఎక్సిలేటరుకైనా బ్రేకుకైనా కుడికాలు చాలు, అది నిక్షేపంలా ఉంది. కాలు సరిపోయిందని నువ్వొక్క మాట చెబితే రేపే బస్సిస్తానన్నాడు మేనేజరు. నీ మాట మీదే ఆగాడు."

"అందుకే ఊరికే చెప్పను. మెట్లెక్కొద్దా? దిగొద్దా? ఏదన్నా అయితే జనాన్ని దింపొద్దా నువ్వు? నడువు. చేతులు!"

"కట్టుకున్నానుగా."

"ఇంకా ముందుకి. ఆ, వెనక్కి తిరుగు. నొప్పా?"

"లేదు."

"పెదవి కొరుక్కుంటున్నావు."

"అది నా అలవాటు."

"ఎప్పటినుంచి? చాల్లే, కూర్చో. కాలు తియ్యి. గిన్నె ఇటివ్వు... ఇదిగో. చూశావా? ఎముక చివర."

"అమ్మో."

"ఇంత ముదురు ఊదా నేనెప్పుడూ చూళ్ళేదు. నా చెవిలో పూలు పెట్టకుండా ఇప్పుడు చెప్పు. నొప్పా, కాదా?"

"...నొప్పే."

"ఎలా ఉంటుంది?"

"మేకు దిగినట్టు. అడుగడుక్కీ."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే పంపవని."

"ఒరే పిచ్చి సన్నాసీ! చెబితేనే కదా సరిచేసేది? ఈ మచ్చ ఉన్నచోట లోతు పెంచి మళ్ళీ ప్రింట్ చేస్తాను. సాయంత్రానికి చేతికొస్తుంది. రేపు వేసుకుని ఎగురుకుంటూ వెళ్ళు."

"నిజంగా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఎందుకు, ఆ మిషన్ మీద ఒట్టు. నాకు అన్నం పెట్టేది అదే."

"మరి మేనేజరుకి..."

"ఇప్పుడే ఫోన్ చేస్తాను. నొప్పి తెలుస్తున్నంతకాలం నాకు దిగుల్లేదు. ఎక్కడో చెబితే అక్కడ సర్దుతాను. ఏంట్రా, ఏడుస్తున్నావా?"

"లేదు. ఏదో నలక..."

"రెండు కళ్ళల్లోనూ పడిందా? సరే, ఆ కుడి బూటు కూడా విప్పు."

"దానికేమైంది?"

"ఏం కాలేదు. పొద్దున అందులోనూ ఇదే ప్లాస్టిక్ అట్ట వేశాను కదా. ఎవరికి చేసినా రెండు వైపులా పోల్చి చూడనిదే వదల్ను. బరువు ఎటు ఎంత పడుతోందో తెలియాలి."

"మంచికాలికి కూడా పరీక్షేనా! నీ చాదస్తం నువ్వూ. ఇంద, చూసుకో. ఆలోపు నేనే ఫోన్ కలుపుతా... రింగవుతోంది. అక్కా, మాట్లాడు."

"పెట్టెయ్."

"రింగవుతోందంటే!"

"పెట్టెయ్ రా. ఇదేంటి, మడమ దగ్గర? చుట్టూ నల్లగా కమిలినట్టు... అట్టలో ఏదో దిగింది. స్క్రూ!"

"నీ షాపుదే. ఊడ్చుకోవు, నేలంతా చిమ్మిపెట్టుకుంటావు. మళ్ళీ నన్నంటావు."

"నాదే. అట్ట వేసేటప్పుడు పడుంటుంది, చూసుకోలేదు. నాదే తప్పు. కానీ పొద్దుటినుంచి నువ్వు దీని మీదే నడుస్తున్నావు."

"చిన్నదేగా."

"మేజోడు చూడు. నెత్తురు."

"అరే... పోన్లే, గీసుకుంది. ఇంత పసుపు రాస్తే పోతుంది."

"నొప్పెట్టలేదా?"

"ఎడమకాలి నొప్పిలో దీన్ని పట్టించుకోలేదేమో."

"ఇందాక కూర్చున్నప్పుడు? ఇప్పుడు?"

"లేదంటుంటే!"

"నా దగ్గర బుకాయించకు."

"ఈసారి నిజంగా లేదక్కా. ఇందాక అబద్ధమాడాను, ఒప్పుకున్నాను. ఇది మాత్రం నిజం. అస్సలు నొప్పి లేదు."

"అబద్ధమైతే బాగుండునురా."

"అదేం మాట?"

"షుగరు ఎప్పుడు చూపించుకున్నావు?"

"మొదలెట్టావా? నాన్నకుందని నాకూ ఉండాలా? దాహమైతే షుగరేనా?"

"ఆ కాలు నా ఒళ్ళో పెట్టు. కళ్ళు మూసుకో. నేను నొక్కినప్పుడు చెప్పు, అంతే."

"మేనేజరు వెళ్ళిపోతాడక్కా..."

"మూసుకో."

"సరే, మూసుకున్నాను. స్క్రూ తెలియనంత మాత్రాన బ్రేకు కూడా తెలియదంటావా ఏంటి! పదేళ్ళ అలవాటు, ఆ కాలికి కళ్ళున్నాయి. ఊఁ, నొక్కు... ఏం, ఆలోచిస్తున్నావా? అక్కా, ఏడుస్తున్నావా నువ్వు? తొందరగా నొక్కు, ఫోన్ చెయ్యాలి."

"నొక్కుతూనే ఉన్నానురా."