గోడకు మిగిలిన అట్ట

కంపెనీలో అందరూ నన్ను గీకుడు తాత అంటారు. అసలు పేరు ఈ వాంగ్మూలం పైన మీరే రాసుకున్నారు. వయసు అరవై ఏడు. ఐదో తరగతి దాకా చదివాను. నా పని రియాక్టరు లోపలికి దిగి గోడలు గీకడం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

రియాక్టరు అంటే రెండు నిలువుల ఎత్తు ఉక్కు పాత్ర. అందులో ప్లాస్టిక్ జిగురు తయారవుతుంది. తయారయ్యేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. చుట్టూ తిరిగే చన్నీళ్లు ఆ వేడిని లాగేయాలి. గోడకు జిగురు అట్టకడితే వేడి బయటికి రాదు. అందుకని పదిరోజులకోసారి ఇత్తడి పారతో గీకి, ఆ అట్టను తూచి ఇంజనీరమ్మకు చెబుతాను. ఆమె ఆ తూకం కంప్యూటర్లో వేస్తుంది. లోపల ఇంకాసేపట్లో ఎంత వేడి పుడుతుందో, గోడ ఎంత వదులుతుందో అది ముందే లెక్కగట్టి నీళ్ల వాల్వు తెరుస్తుంది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి లోపలికి దిగాను. పదింటికి షిఫ్టు ఇన్‌చార్జి వచ్చి, పైకి రమ్మన్నాడు. అతను మా అల్లుడు, నా కూతురి భర్త. మొత్తం గీకడానికి ఆరు గంటలు పడుతుంది. కింది సగం నేనింకా ముట్టుకోలేదు. ఆ మాటే చెప్పాను.

"సరుకు రేపు పోవాలి మామయ్యా. ఇంకొక్కసారికి ఏం కాదులెండి" అన్నాడు.

ఎప్పుడూ పదకొండు, పన్నెండు కిలోలు వచ్చే అట్ట ఆ రోజు నాలుగే వచ్చింది. ఇంజనీరమ్మ రెండుసార్లు తూయించింది.

"మొత్తం గీకావా తాతా?"

ఆమె వెనక అల్లుడు నిలబడి ఉన్నాడు. నా వంక చూడలేదు. గడియారం చూస్తున్నాడు. గీకానని చెప్పాను.

"అయితే మనం వేయించిన కొత్త పూత పనిచేస్తోందన్నమాట. ఇక నిన్ను ఇంటికి పంపించెయ్యొచ్చు" అని నవ్వింది. కంప్యూటర్లో నాలుగు అని కొట్టింది.

మంగళవారం పదకొండూ నలభైకి పని మొదలుపెట్టారు. గోడ శుభ్రంగా ఉందనుకుని కంప్యూటరు నీళ్లు ఆలస్యంగా వదిలింది. ఒంటిగంటా పదికి వేడి చెయ్యి దాటింది. నీళ్లు పూర్తిగా తెరిచినా తగ్గలేదు. ఒంటిగంటా ఇరవై ఐదుకు, ఒత్తిడి ఎక్కువైతే తెగే రేకు తెగి, జిగురు ఎగజిమ్మింది. వాల్వుల మనిషికి రెండు చేతులూ కాలాయి. నేను పక్క గదిలో భోంచేస్తున్నాను. అరుపు విన్నాను.

ఆ రోజు నుంచి అల్లుడు నన్ను ఒంటరిగా వదలడం లేదు. ఇంట్లో నేను తిన్న కంచం తనే తీస్తున్నాడు. వాళ్ల పెళ్లయిన పదకొండేళ్లలో ఎప్పుడూ తీయలేదు. నాకు ఫోనొస్తే పక్క గదిలో టీవీ ఆగిపోతోంది. నిన్న కంపెనీలో శుభ్రం చేసిన వేళలు రాసే పుస్తకం చూశాను. సోమవారం ఎదురుగా ఎనిమిది నుంచి రెండు అని ఉంది. ఆ రాత అల్లుడిది.

ఇంజనీరమ్మ లెక్క తప్పిందని అందరూ అంటున్నారు. ఆమె మీద కేసు పెడతారని అల్లుడే చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని ముఖం తేటగా ఉంది.

ఈ ఉదయం కూతురు నా చొక్కా ఇస్త్రీ చేసింది. బొత్తాలు తనే పెట్టింది. పోలీసు స్టేషనుకు వచ్చే దారిపొడుగునా అల్లుడే మాట్లాడాడు.

"తూకం గుర్తు లేదనండి మామయ్యా. పెద్దవారు, మిమ్మల్నెవరూ తప్పుపట్టరు."

ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు కింద చెప్పులు కనిపిస్తున్నాయి.

తూకం నాకు గుర్తుంది. నాలుగు. మిగతాది గోడకే ఉంది. ఆమె లెక్క తప్పలేదు. మొత్తం గీకానని నేను చెప్పింది తప్పు.

స్టేషను రైటరుగారు ఇదంతా చదివి వినిపించారు. ఒకచోట 'తెలియక చెప్పాను' అని రాశారు, ముసలివాణ్ణని కాబోలు. అది కొట్టేయించి 'తెలిసే చెప్పాను' అని రాయించాను. కొట్టేసినచోట ఒక సంతకం, అడుగున ఒక సంతకం పెట్టాను. ఇవి నా మాటలే. ఎవరూ నేర్పినవి కావు.

(సంతకం)