ముట్టని అన్నం

ఏటి ఒడ్డున ఇబాన్ తెగవాళ్ళు కలిసి ఉండే పొడవాటి ఇంట్లో ఆమె బురద పట్టిన గిన్నెలు తోముతోంది. పక్కన భర్త బెణికిన మడమకు పసరు రాసుకుంటున్నాడు.

"మూడు రోజుల వేట. పడవ బండకు తగిలి చీలింది, బియ్యం ఏటి పాలయ్యాయి, గుడారం నిండా చీమలు. పంది అడుగుజాడైనా కనబడలేదు," అన్నాడతను.

"బయల్దేరేటప్పుడు మీ అమ్మ అన్నం పెట్టింది. తినకపోతే పోనీ, వేలితోనైనా ముట్టుకుని వెళ్ళాలిగా, మయాంగ్ నాన్నా. ముట్టకుండా పోతే అడవి ఊరుకుంటుందా?"

"తొందరలో మరిచాను. నా తప్పుకి, నా వెంట వచ్చిన పిల్ల మయాంగ్ వానలో తడిసింది. ఇక దాన్ని అడవికి తీసుకెళ్ళను."

"ఆ మాట నువ్వే చెప్పు దానికి."

"ఏడుస్తోందా?"

"ఏడవడమా? మళ్ళీ వేటకెళ్ళాలట. పొద్దుటి నుంచి రేవులో కూర్చుని పడవ చీలికకి చెక్క కొడుతోంది. అంతా వంకర."

అతను లేచాడు. సుత్తి తీసుకుని, కుంటుకుంటూ రేవు వైపు మెట్లు దిగాడు.