ముప్పై రోజుల నోటీసు

గుంటూరు రిజిస్ట్రారాఫీసు గోడ మీద పెళ్లినోటీసుకి అది ఆఖరి రోజు. మూసేవేళ దాకా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పెళ్లికొడుకు జక్రయ్య మాస్టారు గట్టెక్కినట్టే. అంతలో పిల్ల తండ్రి బుల్లయ్య వచ్చి బెంచీ మీద పక్కనే కూలబడ్డాడు. మాస్టారు కాస్త పక్కకి జరిగాడు.

"అభ్యంతరం చెప్పడానికొచ్చారాండీ?"

"ఆఁ! నెల్నాళ్లుగా రోజూ వస్తున్నా."

"తెలుసండీ. భయంతో నిద్రలేదు. గుడీ చర్చీ రెండూ వద్దంటేనే ఇక్కడికొచ్చాం."

"మా పిల్ల రాజ్యం మనసులో రాజ్యానికేం పనయ్యా? ఆడపిల్ల పేరు గోడకెక్కించి ఎండబెట్టడానికి అదేమన్నా మిరపకాయా? నోటీసంట! ఊరి నోటికి మేత!"

"అయితే మీ అభ్యంతరం..."

"నోటీసు మీదేనయ్యా, నీ మీద కాదు! మా బావమరుదులు మిర్చి యార్డుకెళ్లేది ఈ దారినే. చూస్తే నీ కాళ్లు విరగ్గొడతారు."

"చూడలేదాండీ?"

"చూడనిస్తేగా!"

బుల్లయ్య లేచి, నోటీసు బోర్డు మీద పొద్దున్నే ఆరేసిన తన కండువాని తీసి భుజాన వేసుకున్నాడు. దాని కింద దాగిన నోటీసు అంటించిన నాటిలా తెల్లగా ఉంది. లోపల గుమాస్తా తాళాలు గలగలలాడించాడు.

"ఇంకెందుకు వణుకుతావు అల్లుడూ? రేపు సాక్షులు ముగ్గురు కావాలంటగా, ఒకణ్ణి నేనున్నా."