కొత్తపట్నం దారిలో డీజిలు కారు

ఒంగోలు దాటాక, కొత్తపట్నం దారిలో, అంకమ్మరావు కొన్న పాత డీజిలు కారు ఆగిపోయింది. సైకిలు మీద వచ్చిన మెకానిక్కు పీరు బానెట్టు ఎత్తాడు. వెనక సీట్లో అంకమ్మరావు భార్య కోటిరత్నం.

"మళ్లీ గాలి పట్టిందంటారా? పోయినసారీ అదే అన్నారు."

"డీజిలు బండికి అంతే రత్నం. గొట్టంలోకి రవ్వంత గాలి పోయిందా, ఇక కదలదు."

"పొద్దున ఇంజను హీటరు వేడెక్కలేదన్నారు. మొన్న ఫిల్టర్లో మడ్డి అన్నారు. లేవాలంటే ఇంటిల్లిపాదీ నెట్టాలి. లేచిందంటే కల్లంలో మిరపకాయలన్నీ మసి! ఇంతకంటే నా పిడకల పొయ్యి నయం."

"పాత బండన్నాక..."

"అవతల మా తమ్ముడి పెళ్లండీ! వాడు పెళ్లిబండి ఎక్కేముందు అక్కగా నేనే హారతివ్వాలి. పీరూ, ఎంతసేపయ్యా?"

"చూస్తన్నానమ్మా. డీజిలుంది. గాలీ లేదు."

"సరిగ్గా చూడు పీరూ. తొందరేం లేదు."

"తొందరేం లేదా! నాన్న మనకిచ్చిన గిత్తలుంటే ఈపాటికి చేరేవాళ్లం. పెళ్లిబండికి కట్టాలి, పంపమని నాన్న కబురు పెడితే, పొదిల్లో మీ అన్నగారి దగ్గరున్నాయన్నారు మీరు. ఒకటి కుంటుతోందన్నారు."

"కుంటుతుంటే నేనేం చేయను?"

"ఏ కాలు?"

"ఏ కాలేంటి... వెనక కాలు. కాదు, ముందుది. పీరూ, కానీవయ్యా!"

"బాబుగారూ, స్టీరింగు కింద ఈ బొత్తం బయటికి లాగుందేంటండీ?"

"ఏ బొత్తం? గతుకులకి అదే వచ్చుంటుంది."

"అదే రాదండీ. ఇంజను ఆపే బొత్తం అది. చేత్తో లాగితేనే వచ్చుద్ది."

"ఎవరి చేత్తో?"

"ఎండగా ఉంది రత్నం, లోపలే కూర్చో."

"ఎవరి చేత్తోనండీ?"

"నన్నడగమాకండమ్మా. లోపలికి నెట్టి తిప్పితే లేచుద్ది. నెట్టమంటారా?"

"ఆగు. ఆ గంటలేంటి? ఎవరో గిత్తల్ని తోలుకొస్తున్నారు... అంకయ్యా! నువ్వా? పీరూ, మా నాన్న పాలేరు."

"నేనే అమ్మాయిగారూ. మీ హారతి లేందే పెళ్లిబండి కదలదంట. కారు ఎక్కడో ఆగుంటుంది, గిత్తలకి కట్టి లాక్కురమ్మన్నారు అయ్యగారు. తర్వాత పెళ్లిబండికీ ఇవే."

"ఈ నుదుటి సుడి... మా రాముడు కదూ! ఇది భీముడు! ఏమండీ, ఇవి పొదిల్లో కదా ఉండాలి?"

"అదీ... రత్నం..."

"ఒంగోలు సంతలో బేరగాడి దగ్గర కనపడ్డాయమ్మా. అయ్యగారు నోరు మెదపకుండా తిరిగి కొన్నారు."

"కారు కోసమే అమ్మానే రత్నం. పెళ్లిలో నలుగురి ముందూ మీ నాన్న అడుగుతాడేమోనని... పెళ్లిబండి కదిలాక చేరితే ఆ గొడవుండదని బొత్తం లాగా..."

"పీరూ, ఆ బొత్తం నెట్టకు."

"నెట్టకపోతే లేవదమ్మా."

"లేవక్కర్లేదు. అంకయ్యా, తాడు కట్టు. ఏమండీ, మీరు ముందు కూర్చుని స్టీరింగు పట్టుకోండి. ఊరంతా చూడనీండి, రాముడూ భీముడూ అల్లుణ్ణి తోలుకొస్తున్నారని!"