సద్దుల నాడు సెలవు

సద్దుల బతుకమ్మ పొద్దున హుస్నాబాద్‌లోని తమ కుట్టు దుకాణంలోకి తొంగిచూసిన పరశురాములు కంగారుపడ్డాడు. ముందు గదిలో మిషన్లన్నీ ఖాళీ. గుమ్మం బయట మాత్రం జాకెట్ల కోసం ఆడవాళ్ల బారు.

“జమునా! లస్మవ్వ, దీపిక ఏరి?” భార్యను కేకేశాడు.

“బతుకమ్మ పూలు పేర్సుకోను పోయిండ్రు. నేనే పొమ్మన్న.”

“గీ పండుగ నాడేనా? ఇది కుట్టు కాదే, కుట్ర! దుకాణం మునుగుతది!”

“పోయినేడాది లీవియ్యకపోతె ఏమైంది? పనోళ్లు ఎదురు దుకాణంల చేరిండ్రు. దసరా గిరాకీ గూడ వాళ్లెంబడే పాయె.”

“లీవులిస్తె లాభాలు లేవే!”

“జర లోపలికొచ్చి చూడు.”

వెనక గదిలో మగ్దలేనమ్మ, క్యాథరిన్ తల ఎత్తకుండా టకటకా కుడుతున్నారు.

“ఐతారం చర్చికి పోతమంటె వీళ్లను ఒక్కనాడన్న ఆపిన్నా? అందుకే ‘జమునక్కా, పండుగ మీరు చేస్కోండ్రి, జాకెట్లు మేం చూస్కుంటం’ అన్నరు.”

“మరి బయట గంత మంది ఏంది? అందరు మనోళ్లేనా?”

“సగం మంది ఎదురు దుకాణం గిరాకీలు. గా దుకాణపాయన ఎవ్వలకు లీవియ్యలే. పనోళ్లు చెప్పకుంటనే పోయిండ్రు. గా దుకాణం తాళం చూడు!”

“అబ్బబ్బ! ఏం తెలివే నీది! మరి క్రిస్మస్‌కో?”

“లస్మవ్వ, దీపిక మిషన్ల మీద కూసుంటమన్నరు. నువ్వు గీ హుక్కులు కుట్టు.”

పరశురాములు చేతిలో సూదితోనే గుమ్మంలోకి ఉరికి, బారు చివరిదాకా వినబడేలా అరిచాడు:

“అక్కలారా, పరేషాన్ గాకుండ్రి! పనోళ్లు పారిపోలే, పండుగకు పోయిండ్రు! మీ జాకెట్లు లోపట కుడుతనే ఉన్నరు!”