ఉతకని మచ్చు ముక్క

1962, మహబూబ్‌నగర్. మంజులత పెళ్లి జాకెట్టును క్రోషా సూదితో అల్లుతోంది జానమ్మ; ఆమె ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు. మంజులత తల్లి నిర్మలమ్మ, ఊళ్లోని అల్లికల బడికి పెద్ద.

"కొలత కట్టనీకె ముందుగాల అల్లిన మచ్చు ముక్క ఉతికినవా అని అడుగుతున్న, జానక్కా."

"ఉతికిన అన్న గద."

"ఉతికితే గింత బిర్రుగెట్లుంటది? దారానికున్న దుకాణం గంజి ఇంక పోనే లేదు."

"నాకే నేర్పుతవా పిల్లా? ఇగో, టేపు పెట్టి చూస్కో. కుట్లు సక్కగున్నయి. నీ కొలతకు జాకిటి సరిపోతది."

"ఇయ్యాల సరిపోతది. పెండ్లికి ముందు మా అమ్మ దాన్ని ఉతికి గంజి పెడతది. అప్పుడు?"

"అప్పుడేముంది... చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు. గా గిన్నెల నీళ్లున్నయి గద."

"నీళ్లెందుకు? మంజులా, ముక్క ఇటియ్యి. ఇటియ్యి అంటున్న!"

"ముంచిన. ఇప్పుడు గుంజుకుంటె ఏం ఫాయిద? నీళ్లు పిండి, బండ మీద ఏస్తున్న. గీ ఎండకు ఎంతసేపు ఆరుతది."

"ఇంటికాడ పని లేదా నీకు? మీ అమ్మ ఎదురుచూస్తది."

"చూడనీ. నేను ఆరినంకనే పోత."

"మొండిదానివి."

"మొండిదాన్నే... ఇగో, ఆరింది. టేపు పట్టు అక్కా."

"నువ్వే పట్టు."

"చూడు. ఇంతకుముందు బెత్తెడుండె. ఇప్పుడు గుంజుకపోయి వేలు మందం తగ్గింది. ముక్కకే గింత పోతే జాకిటి గుండీలు పడ్తయా? నీకు తెల్వక గాదు."

"తెల్వక గాదు."

"మరి?"

"మీ అమ్మ కోసం. పెండ్లినాడు నీకు గది తొడిగేటప్పుడు ఆమె గుండీలు పెట్టలేక ఆగం కావాలె. చర్చినిండ జనం కూసోని గుసగుసలాడాలె. మా అమ్మను నిలబెట్టినట్టు ఆమె నిలబడాలె."

"బిక్షమ్మ పెద్దమ్మనా? మా అమ్మ ఎందుకు నిలబెట్టింది?"

"తెల్వనట్టు మాట్లాడకు."

"నేను చిన్నపిల్లను అక్కా అప్పుడు. పెద్దమ్మ బడికి వచ్చుడు బందయింది, గంతే తెల్సు."

"క్రిస్మస్‌కు చర్చిల పాటలు పాడే పిల్లలకు కాలర్లు అల్లింది మా అమ్మ. కొలత కట్టి ఇచ్చింది మీ అమ్మ. పండుగనాడు కాలర్లన్ని ఇరుకైనయి. అందరి ముంగట ఏమన్నది మీ అమ్మ? 'దారం దొంగతనం చేసింది, అందుకే చిన్నగల్లింది' అన్నది. మా అమ్మ మళ్ల బడి గడప తొక్కలే. దవాఖానల పానం పొయ్యేటప్పుడు గూడ అదే మాట. 'దారం నేను తియ్యలే బిడ్డా. దారం నేను తియ్యలే.' సూది పట్టుకుంటె నాకు గదే ఇనపడ్తది."

"గుండీలు పడకపోతే జనం చూసేది నన్ను గద అక్కా."

"నీ మీద నాకు పగ లేదు."

"లేకనే గిట్ల చేసినవా?"

"చేసిన. ఇగ చెయ్య. సరే, ఇప్పుత. అంత ఇప్పి మళ్ల అల్లుత. పో."

"జర ఆగు. గా కాలర్లల్ల నాదొకటి ఉండె."

"ఉంటె?"

"మా అమ్మ ముందే ఇంట్ల తొడిగి చూసింది. మంచిగనే పట్టింది, మెడకాడ వేలు గూడ దూరింది. అటెన్క ఉతికి గంజి పెట్టింది. పండుగనాడు ఉరి లెక్క బిగిసింది. 'మొన్న పట్టింది గదనే అమ్మా' అంటె చెంప మీద కొట్టింది. ఎందుకు కొట్టిందో నాకిన్నేండ్లు సమజ్ కాలే."

"అంటే... ఆమెకు తెల్సు. ఉతకని ముక్కకే తాను కొలత కట్టినట్టు ఆమెకు తెల్సు!"

"తెల్సే పెద్దమ్మను దొంగ అన్నది."

"మంజులా, ఎందుకేడుస్తున్నవ్? ఊకో. పెండ్లిపిల్లవు. ఇది నాకూ మీ అమ్మకూ ఉన్న లెక్క."

"నా చెంప మీద గూడ ఉన్నది అక్కా ఆ లెక్క. ఆదివారం చర్చికి రా."

"మా అమ్మ పోయినకాన్నుంచి నేను గా దిక్కు పోతలేను. ఎందుకు రావాలె?"

"నా పెండ్లి ప్రకటన సదువుతరు. సదివి, 'ఎవరికన్న అభ్యంతరముంటె ఇప్పుడే చెప్పుండ్రి' అంటడు పాస్టరు."

"అంటడు. ఎవరు చెప్తరు?"

"నేనే లేస్త. పెద్దమ్మ దారం తియ్యలేదని అందరి ముంగట చెప్త. మా అమ్మ ముంగటి బల్ల మీదనే కూసోని ఉంటది."