నాగప్పకు పెద్దక్షరాలు

"తాతా, ఇంగ్లీషులో కాపిటల్ లెటర్లు యాడయాడ పెట్టాల?"

నన్నా అడిగేది? సరే, కూర్చోమ్మా. నేను ఇస్కూల్లో నేర్చినోన్ని కాదు, అంగట్లో పొట్లాలు కట్టే పేపర్లు చూసి నేర్చినోన్ని. నా ఇంగ్లీషుకు ఇంగా కందిపప్పు వాసన ఉండాది.

మొదట్లో నేనేమనుకున్న్యానంటే, పెద్దక్షరాలంటే మనం 'గారు' అంటామే, ఆ మర్యాదని. మారికుప్పంలో మా అంగడి బోర్డు నేనే రాసినాను. మా నాయన పేరంతా పెద్దక్షరాలు, నా పేరంతా చిన్నక్షరాలు. పెద్దోళ్ళ ముందర అణకువ ఉండల్ల కదా. వచ్చినోళ్ళంతా "ఏమప్పా, నీ పేరు ఎదగనే లేదే" అని నగినారు. ఇంగ రోసమొచ్చి గ్రామర్ పుస్తకం కొన్న్యాను. మనిషి పేరుకు మొదటి అక్షరం ఒకటే పెద్దది, కడమవన్నీ చిన్నవి. ఆ ఒక్క రూలు పెట్టుకోని మేస్టరు మాదిరి తిరిగినాను.

అప్పటికి మా ఊరి బంగారు గనులు, అదే మైన్సు, గవర్నమెంటు చేతికి వచ్చి కొన్నేండ్లు. మా వీధిలో నాగప్ప అని, లోపల డ్రిల్లింగ్ పని వానిది. మా అంగట్లోనే బియ్యం తీసుకునేవాడు. ఒకనాడు మధ్యాన్నం నా తక్కెడ దానంతటదే ఊగింది. ఏర్‌బ్లాస్టు. అంటే, లోపల రాయి ఒత్తిడికి తాళలేక బాంబు మాదిరి పగిలేది. పైన మన గిన్నెలు అదిరితే కింద ఎవురి మీదనో పడినట్లే. ఆ పొద్దు నాగప్ప మీద పడింది. వెతికినారు, వెతికినారు. మనిషి దొరకలేదు. ఆ దారే మూసేసినారు.

వాని పెండ్లాము మునెమ్మ. పూడ్చేదానికి ఏమీ లేదు, పేరు చెక్కిన రాయన్నా నాటల్ల అనింది. కూడా పని చేసినోళ్ళు తమిళమోళ్ళు, కన్నడమోళ్ళు, మనోళ్ళు... అందరూ చదవల్లని ఇంగ్లీషులో. నేను సుద్దతో రాసిస్తే రాళ్ళు కొట్టే ఆయన చెక్కేది. రాయి మీద అడ్డంగా గీత గీసి, దాని మీద రూలు ప్రకారం 'నాగప్ప' అని రాసినాను. నాకే ముద్దొచ్చింది.

మునెమ్మకు చదువు రాదు. చానాసేపు చూసి గీత మీద వేలు పెట్టింది.

"ఇది నేలా అన్నా?"

"గీతమ్మా. అక్షరాలు సరిగ్గా నిలబడేదానికి."

"మరి ఈ మూడూ దాని కిందికి దిగబడి ఉండాయే?"

జీ ఒకటి, పీలు రెండు. చిన్నక్షరాల్లో వాటి తోకలు కిందికే పోతాయి.

"అది రూలమ్మా" అన్న్యాను.

"బోర్డు మీద మీ నాయన పేరు అంతా పైనే నిలబడి ఉండాది కదన్నా. మా ఆయన్ని రాయి మీద గూడా లోపలికే దించతావా?"

రాళ్ళు కొట్టే ఆయన ఉలి కింద పెట్టేసినాడు. నేను పైగుడ్డతో చెరిపి, అన్నీ పెద్దక్షరాలే రాసినాను. ఒక్కటీ గీత కిందికి దిగలేదు. మునెమ్మ గీత కింద చెయ్యి పెట్టి తడివి చూసింది. "ఇంగ చెక్కప్పా" అనింది.

నువ్వు మాత్రం పరీక్షలో మీ మిస్సు చెప్పినట్లే రాయి తల్లీ, నా మాట విని మార్కులు పోగొట్టుకోవద్దు. నీ పేరు నూరేండ్లు కాగితం మీదనే ఉండనీ. కాగితం మీద యా అక్షరం కిందికి దిగినా ఏమీ కాదు...